తప్పు యాడుందో చెప్పు సామీ!

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తీసుకుపోయిన రైతుకు రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఒకటి: "సరుకు బాగలేదప్పా, పక్కకు పెట్టుకో." రెండోది: "తేమ పద్నాలుగు చూపిస్తాంది. పన్నెండు లోపల ఉంటేనే తీసుకుంటారు. రెండు దినాలు ఎండబెట్టి తీసుకురా." రెండు మాటల ఫలితం ఒకటే. ఆ రోజుకు సరుకు అమ్ముడుపోదు. అయినా మొదటి మాట విన్న మనిషి తల వంచుకొని ఇంటికి పోతాడు. రెండో మాట విన్న మనిషి పట్ట పరిచి పత్తి ఆరబోస్తాడు.

మా నాయన పత్తి రైతే కాబట్టి ఈ తేడా నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. సీసీఐ లెక్క ప్రకారం తేమ 8 శాతం లోపల ఉంటే పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 మధ్య ఉంటే పెరిగినదాన్ని బట్టి కోత. 12 దాటితే కొనుగోలే లేదు. నియమం కఠినంగానే ఉంది. కానీ తేమ మీటరు దాన్ని చెప్పే పద్ధతి చూడండి: ఎంత ఉండాలి, ఎంత ఉంది. ఆ తర్వాత ఏం చేయాలో రైతుకు తనకే తెలుస్తుంది.

సాహిత్య పత్రికలో ఈ పత్తి గోల ఏంది అని మీరు అడగొచ్చు. నేను రాయాలనుకున్నది కంపైలర్ గురించి. మనం రాసిన కోడ్‌లో తప్పు ఉంటే, కంపైలర్ లోపల ఉండే పార్సర్ ఆ సంగతి మనకు ఎట్ల చెబుతుంది అన్నదాని గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తప్పును పట్టుకోవడం పార్సర్ పనిలో సగమే. ఆ తప్పు ఎక్కడుందో, ఏం రావాల్సిన చోట ఏం వచ్చిందో మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మిగతా సగం. కంపైలర్ ల్యాబ్‌లో మనం మొదటి సగం మాత్రమే నేర్చుకొని, దానికే మార్కులు తెచ్చుకొని బయటపడుతున్నాం. రెండో సగం లేకపోతే నష్టపోయేది కంప్యూటర్‌ను మొదటిసారి ముట్టుకున్న మన తోటివాళ్లు.

పదిహేడు తప్పులు

మొదటి సంవత్సరంలో నా రూమ్మేట్‌ది కోసిగి వైపు ఒక పల్లె. పేరు వద్దులెండి, వాడే రాయొద్దన్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, గవర్నమెంటు బడి. వానలు సరిగ్గా పడని ఏడాది వాళ్ల అమ్మానాయన సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోతలకు పోతే, వాడు అవ్వ దగ్గర ఉండి చదువుకున్నాడు. లెక్కల్లో మా రూములో అందరికంటే గట్టివాడు. డౌటు వస్తే మేమే వాడి మంచం దగ్గరికి పోయేవాళ్లం.

సీ ల్యాబ్ ఇంటర్నల్ రోజు వాడికి వచ్చిన ప్రశ్న సులువైనదే. ఇచ్చింది ప్రధాన సంఖ్యో కాదో చెప్పాలి. ప్రోగ్రామ్ రాసినాడు, కంపైల్ కొట్టినాడు. స్క్రీన్ నిండా ఎర్రర్లు. లెక్కబెడితే పదిహేడు. వాడు మెల్లగా నా వైపు తిరిగి అడిగిన మాట ఇంకా గుర్తుంది: "ఏం రా, నలభై లైన్లలో పదిహేడు తప్పులు చేసినానా నేను?"

సార్ వచ్చి చూసి, "సింటాక్స్ ఎర్రర్స్, చూసుకో" అని పక్క సిస్టమ్‌కు పోయినారు. వాడు చూసుకున్నాడు. మొదటి మెసేజ్ ఏ లైన్ నంబర్ చూపిస్తాందో ఆ లైన్‌ను ఐదుసార్లు చదివినాడు. అది మామూలు ఫర్ లూప్. అందులో తప్పేమీ లేదు. నిజంగానే లేదు. తప్పు లేని చోట తప్పు వెతికి, సరిగ్గా ఉన్నదాన్ని మార్చి, పదిహేడును ఇరవై రెండు చేసుకొని, చివరికి మొత్తం చెరిపేసి లేచినాడు. సాయంత్రం హాస్టల్లో అదే ప్రోగ్రామ్ కాగితం మీద మళ్లీ రాయించి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఫర్ లూప్‌కు పైన ఒక ఇఫ్ ఉంది. దాని చివర } ఒకటి ఎక్కువ పడింది. అంతే. ఆ ఒక్క గుర్తుతో మెయిన్ ఫంక్షన్ అక్కడే ముగిసిపోయింది. కింద ఉన్న లైన్లన్నీ ఫంక్షన్ బయట పడ్డాయి. బయట పడిన ప్రతి లైనూ కంపైలర్‌కు ఒక కొత్త నేరంగా కనిపించింది.

వాడు చేసిన తప్పు ఒకటి. వాడికి చెప్పింది పదిహేడు. ఆ పదిహేడింటిలో ఒక్కటి కూడా "పైన బ్రాకెట్ ఎక్కువైంది" అని చెప్పలేదు.

ఇప్పుడు వాడు మూడో సంవత్సరం. సబ్జెక్టులన్నీ పాసయినాడు. కానీ ప్లేస్‌మెంట్ల మాట ఎత్తితే "నాకు కోడింగ్ రాదులే" అంటాడు. ఆ మాట వాడికి ఎవరు నేర్పినారు అని నేను చాలాసార్లు ఆలోచించినా.

ఆగిన చోటు, తప్పిన చోటు

పార్సర్‌ను తిట్టే ముందు దాని కష్టం కూడా చూడాలి. అది కోడ్‌ను ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క టోకెన్‌గా చదువుతుంది. అడుగడుగునా దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది: ఇప్పుడు ఏమేం రావచ్చు? జాబితాలో లేనిది వస్తే ఆగిపోతుంది.

మీరు ఒక లైన్‌లో "ఎక్స్ = 5" అని రాసి సెమికోలన్ మరిచి, కింది లైన్‌లో రిటర్న్ అని రాశారనుకోండి. సీ భాషకు లైన్ మారడం అంటే ఒక ఖాళీ మాత్రమే. 5 తర్వాత కూడిక గుర్తు రావచ్చు, గుణకారం రావచ్చు, సెమికోలన్ రావచ్చు. కాబట్టి పార్సర్ తొందరపడకుండా కింది లైన్‌కు దిగుతుంది. అక్కడ రిటర్న్ కనిపిస్తుంది. అది రాకూడదు. అక్కడ ఆగి, ఆ లైన్ నంబర్ చెబుతుంది. మనమేమో ఆ లైన్‌లో కళ్లు పెట్టుకొని చూస్తుంటాం.

క్లాసులో చెప్పిన ఎల్ఎల్, ఎల్ఆర్ పార్సర్లకు ఒక మంచి గుణం ఉంది. అప్పటిదాకా చదివినదాన్ని సరైన ప్రోగ్రామ్‌గా పూర్తి చేసే దారి ఇక లేదని తేలిన మొదటి టోకెన్ దగ్గరే, దాన్ని మింగకుండా ఆగుతాయి. థియరీ పరంగా అంతకంటే ముందు ఆగడం ఎవరి వల్లా కాదు. అంటే పార్సర్ అబద్ధం చెప్పడం లేదు. తాను ఆగిన చోటు చెబుతోంది. మనకు కావాల్సింది మనం తప్పిన చోటు. ఈ రెండూ ఒకటి కావు.

మా క్లాసులో ఎమ్మిగనూరు నేతన్న ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. ఈ సంగతి చెబితే నవ్వి, "మగ్గం మీద కూడా అంతే కదా. పోగు తెగేది ఒకచోట. కంటికి పడేది ఇంకో నాలుగు వేళ్లు నేసినాక. కనపడిన చోట ముడేస్తే ఏం లాభం, తెగిన కాడికి పోవాల" అంది. రెండు వారాల థియరీ ఒక్క మాటలో తేలిపోయింది.

ఉత్పలమాలలో ఒక అక్షరం జారితే

మన పత్రిక పాఠకులు పద్యం వాళ్లు కాబట్టి, పదిహేడు తప్పుల కథను పద్యంలో చూపిస్తా. ఛందస్సు కూడా ఒక వ్యాకరణమే, దాన్ని చూసేవాడు కూడా పార్సరే. నెట్‌లో "ఛందం" అనే సాఫ్ట్‌వేర్ చాలామందికి తెలిసే ఉంటుంది. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, యతిప్రాసలు చూసి చెబుతుంది. అది చేసే పని, మన కంపైలర్ చేసే పని ఒకే కుటుంబానివి.

ఉత్పలమాల పాదానికి గణాలు భ, ర, న, భ, భ, ర, వ. మొత్తం ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. ఇదిగో నేను కట్టిన ఒక పాదం. కవిత్వం ఆశించకండి, లెక్క సరిపోయింది అంతే:

తప్పును చూపుటే గురువు ధర్మము దండన కాదురా సఖా

తప్పును (భ), చూపుటే (ర), గురువు (న), ధర్మము (భ), దండన (భ), కాదురా (ర), సఖా (వ). మొదటి అక్షరం "త"కు పదో అక్షరం "ధ"తో యతి కుదిరింది. ఇప్పుడు టైపు చేసేటప్పుడు "ను" ఒక్కటి జారిపోయిందనుకోండి:

తప్పు చూపుటే గురువు ధర్మము దండన కాదురా సఖా

వినడానికి పెద్ద తేడా లేదు. కానీ మూడేసి అక్షరాలు విడగొట్టి చూడండి. "తప్పు చూ" ర గణం, రావాల్సింది భ. "పుటేగు" జ గణం, రావాల్సింది ర. "రువుధ" స గణం, రావాల్సింది న. తర్వాత మళ్లీ స, మళ్లీ స, ఆ తర్వాత జ, చివర ఒంటరిగా ఒక గురువు. ఏడు గణాలకు ఏడూ తప్పే! యతి స్థానంలోకి "ర్మ" వచ్చి కూర్చుంది, అదీ తప్పే. జారింది ఒక్క అక్షరం. చిట్టాలో ఎనిమిది దోషాలు.

ఈ పద్యాన్ని ముగ్గురు అయ్యవార్ల దగ్గరికి తీసుకుపోయినాం అనుకుందాం. మొదటి అయ్యవారు "ఛందోభంగం" అని కాగితం వెనక్కి ఇస్తారు. రెండో అయ్యవారు ఎనిమిది దోషాలూ వరుసగా ఎర్ర సిరాతో రాసి ఇస్తారు. మూడో అయ్యవారు ఇట్లంటారు: "మూడో అక్షరం లఘువు రావాలి, నీకు 'చూ' అని గురువు వచ్చింది. దాని ముందు ఒక లఘువు జారినట్టుంది. అది పెట్టు, మిగతా పాదమంతా సరిపోతుంది."

ముగ్గురూ తప్పు పట్టినవాళ్లే. పద్యం నేర్పింది మూడో ఆయన ఒక్కరే. మొదటి ఆయన చాలా కాలం వాడుకలో ఉన్న యాక్ పార్సర్. రెండో ఆయన నా రూమ్మేట్‌కు ఎదురైన కంపైలర్.

మూడో అయ్యవారు ఏం చేశారో గమనించండి. "చూ" దగ్గర ఆగారు. ఆగి, రెండు మందులు మనసులో వేసి చూశారు. "చూ"ను "చు" చేస్తే? వెంటనే నాలుగో అక్షరం దగ్గర మళ్లీ తప్పు. ముందు ఒక లఘువు చేరిస్తే? చివరి దాకా ఒక్క తప్పు లేదు. కాబట్టి రెండోదే అసలు జబ్బు అయ్యుంటుందని చెప్పారు. అతి తక్కువ మార్పుతో సరిపోయే సవరణను వెతకడం అన్న ఈ ఆలోచనను ఆహో, పీటర్సన్ అనే ఇద్దరు 1972లోనే పార్సర్ల కోసం పరిశోధనా పత్రంగా రాశారు. ఆ ఆహో మన కంపైలర్ డిజైన్ టెక్స్ట్‌బుక్ అట్ట మీద పేరున్న ఆయనే.

బాగుపడినవాళ్లు ఉన్నారు

"కంపైలర్లు అంతే, అలవాటు పడాలి" అనే సీనియర్ల కోసం ఈ భాగం. కంపైలర్లు అంతే కాదు. మార్చాలనుకున్నవాళ్లు మార్చారు.

1970లలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పీఎల్/సీ అనే కంపైలర్ ఉండేది. అది విద్యార్థుల కోసమే తయారైంది. అప్పట్లో ప్రోగ్రామ్‌ను కార్డుల మీద పంచ్ చేసి ఇచ్చి, ఫలితం కోసం ఎదురుచూడాలి. ఒక కామా మరిస్తే ఒక ట్రిప్పు వృథా. అందుకని పీఎల్/సీ తప్పు కనిపించినా ఆగేది కాదు. తనకు తోచినట్టు సరిచేసి, ఏం సరిచేసిందో చెప్పి, ప్రోగ్రామ్‌ను నడిపించి చూపించేది.

1975లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ యాక్ గురించి రాశారు. వ్యాకరణం రాసిస్తే పార్సర్‌ను తానే తయారుచేసే పనిముట్టు. గొప్పది, ఇప్పటికీ మన ల్యాబ్‌లో అదే, దాని వారసుడు బైసన్ రూపంలో. కానీ మనమేమీ చెప్పకపోతే బైసన్ పార్సర్ ఇచ్చే మెసేజ్ రెండే మాటలు: సింటాక్స్ ఎర్రర్. అంటే మొదటి అయ్యవారి "ఛందోభంగం". అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఎనిమిది దోషాల చిట్టా రాకుండా అందులో ఒక చిన్న జాగ్రత్త ఉంది. ఎర్రర్ టోకెన్‌తో కోలుకునే ఏర్పాటు మనం చేస్తే, ఒక తప్పు చెప్పిన తర్వాత వరుసగా మూడు టోకెన్లు సరిగ్గా పడేదాకా కొత్త తప్పు గురించి నోరు విప్పదు. వ్యాకరణం ఫైల్‌లో ఒక లైన్ చేరిస్తే "ఏం వచ్చింది, ఏం రావాలి" అని కూడా చెబుతుంది. ఆ ఒక్క లైన్ చేర్చిన రికార్డు బుక్కులు మీ ల్యాబ్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి.

1983లో వచ్చిన టర్బో పాస్కల్ మొదటి తప్పు దగ్గరే ఆగి, ఎడిటర్‌లో కర్సర్‌ను అక్కడికే తీసుకుపోయి నిలబెట్టేది. మనం నవ్వుకునే ఆ నీలం స్క్రీన్ టర్బో సీ కూడా "స్టేట్‌మెంట్ మిస్సింగ్ ;" అని ముక్కుసూటిగా చెప్పేది. దానికి వయసైపోయిన మాట నిజమే గానీ, చెప్పడం వచ్చు.

జీసీసీ చాలా ఏళ్లు "పార్స్ ఎర్రర్ బిఫోర్" అని సరిపెట్టింది. తర్వాత వాళ్లు బైసన్‌తో తయారైన పార్సర్లను పక్కనబెట్టి, చేత్తో రాసిన పార్సర్లకు మారారు. సీ ప్లస్ ప్లస్‌కు 2004లో 3.4 వెర్షన్, సీకి 2006లో 4.1 వెర్షన్. ఈలోగా పోటీగా క్లాంగ్ వచ్చింది. తప్పు ఉన్న లైన్‌ను ముద్రించి, కింద ^ గుర్తు పెట్టి, సరిచేసే సలహా కూడా ఇచ్చేది. 2013లో జీసీసీ 4.8 కూడా ^ గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. 2018లో వచ్చిన జీసీసీ 8 నుంచి, సెమికోలన్ మరిస్తే కింది లైన్‌ను కాకుండా పై లైన్ చివరను చూపిస్తుంది. ఆగిన చోటు నుంచి తప్పిన చోటుకు వెనక్కి పోవడం నేర్చుకుంది. అదే మగ్గం మాట.

అన్నిటికంటే నాకు నచ్చింది పైథాన్ కథ. బ్రాకెట్ ( మూయడం మరిస్తే పాత పైథాన్ కింది లైన్‌ను చూపించి "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనేది. 2020లో 3.9 వెర్షన్‌లో గైడో వాన్ రోసమ్, పాబ్లో గలిండో, లిసాండ్రోస్ నికొలావ్ కలిసి పార్సర్‌నే మార్చేశారు. మరుసటి ఏడాది 3.10 వచ్చేసరికి అదే తప్పుకు మెసేజ్ మారింది: ఈ బ్రాకెట్ తెరిచారు, మూయలేదు. గుర్తు పెట్టేది కూడా తెరిచిన చోటే. లోపల జరిగేది తెలిస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ప్రోగ్రామ్‌ను ముందు మామూలు నియమాలతో చదువుతుంది. కుదరకపోతే రెండోసారి చదువుతుంది. ఈసారి జనం మామూలుగా చేసే తప్పులను కూడా నియమాలుగా రాసి పెట్టుకొని చదువుతుంది. కామా మరిచినవాడి నియమం, == బదులు = పెట్టినవాడి నియమం. మన లక్షణ గ్రంథాలు దోషాలకు కూడా పేర్లు పెట్టినట్టు. సరిగ్గా రాసినవాడికి ఈ రెండో చదువు భారం ఉండదు, తప్పిన వాడికి మాత్రమే.

\340 అంటే ఏమిటో తెలుసా?

ఇప్పుడు భాష సంగతి. పీహెచ్‌పీలో :: గుర్తు తప్పు చోట పడితే చాలా ఏళ్లపాటు "అన్ఎక్స్‌పెక్టెడ్ టీ పామయీమ్ నెకుడొటయీమ్" అని మెసేజ్ వచ్చేది. ప్రపంచమంతా తల గోక్కుంది. అది హీబ్రూ మాట, "రెండు చుక్కలు రెండుసార్లు" లాంటి అర్థం. పార్సర్ రాసిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ ఇజ్రాయెల్ వాళ్లు. 2020లో పీహెచ్‌పీ 8 వచ్చాక మెసేజ్‌లో నేరుగా :: గుర్తే కనిపిస్తోంది. మాతృభాషాభిమానం నాకూ ఉంది, కానీ చదివేవాడికి తెలియని భాషలో తప్పు చెప్పడం ఎట్లుంటుందో ఇంగ్లీషు వాళ్లకు ఒకసారి తెలిసొచ్చింది కదా అని లోలోపల సంతోషించినా. కోసిగి నుంచి వచ్చినవాడికి "ఎక్స్‌పెక్టెడ్ డిక్లరేషన్ స్పెసిఫయర్స్" కూడా హీబ్రూనే.

మనకు ఇంకో చిక్కు ఉంది. వాట్సాప్‌లోనో పీడీఎఫ్‌లోనో వచ్చిన ప్రోగ్రామ్‌ను కాపీ చేస్తే మామూలు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోతాయి. పాత జీసీసీ దానికి "స్ట్రే \342", "స్ట్రే \200", "స్ట్రే \234" అని మూడు ఎర్రర్లు ఇస్తుంది. కంటికి కనిపించేది ఒక గుర్తు, ఎర్రర్లు మూడు. ఎందుకంటే యూటీఎఫ్-8లో ఆ గుర్తుకు మూడు బైట్లు, పార్సర్ బైట్లను ఆక్టల్ అంకెల్లో చెబుతోంది. నేను దీనికి ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నా. అట్లాగే పాత జీసీసీలో "అ" అని ఒక్క తెలుగు అక్షరం రాస్తే \340, \260, \205 అని మూడు నేరాలు. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి వేరియబుల్‌కు తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. అంతకుముందు మన "అ" దానికి మూడు చెత్త బైట్లు.

ఈ చిక్కు మా మినీ ప్రాజెక్టులో మాకే ఎదురైంది. మార్కెట్ యార్డు తక్‌పట్టీని తెలుగులోనే టైపు చేస్తే లెక్క కట్టే చిన్న భాష ఒకటి తయారుచేద్దాం అనుకున్నాం. సరుకు పేరు, బరువు, ధర, కూలి, కోత. తప్పు వస్తే ఎన్నో కాలమ్‌లో వచ్చిందో చెప్పాలి. మా ప్రోగ్రామ్ "పత్తి" తర్వాత వచ్చిన తప్పును 16వ కాలమ్ అంది! పత్తి అన్న మాట కంటికి రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ప, త, పొల్లు, త, గుడి కలిపి ఐదు. బైట్లలో పదిహేను. మా లెక్సర్ బైట్లు లెక్కపెట్టింది. ^ గుర్తు ఎక్కడో గాల్లో వేలాడింది.

చివరికి కాలమ్ నంబర్ తీసేసినాం. మాటనే ఎత్తి చూపించినాం: "2వ వరుస: 'పత్తి' తర్వాత బరువు రావాలి, 'క్వింటాళ్లు' వచ్చింది. బరువు రాయడం మరిచారా?" యాక్ ఇచ్చిన రెండు మాటల నుంచి ఇక్కడికి రావడానికి మాకు పట్టింది నాలుగు రోజులు. మిగతా భాష మొత్తం రాయడానికి పట్టింది మూడు రోజులు. మెసేజ్ రాయడమే ఎక్కువ పని అని అప్పుడు తెలిసింది.

"కష్టపడితేనే నేర్చుకుంటారు" అనేవాళ్లకు

నా వాదనకు రెండు అడ్డుమాటలు వినిపిస్తాయి. ఒకటి, తప్పు తానే వెతుక్కుంటేనే విద్యార్థికి కోడ్ వంటబడుతుంది అని. నేను పూర్తిగా కాదనను. లాజిక్‌లో తప్పు ఉంటే వెతుక్కోవాలి, అది చదువే. కానీ ఎక్కువైన బ్రాకెట్ కోసం తప్పు లేని లైన్‌ను ఐదుసార్లు చదవడం ఏ చదువు? ఈత నేర్పడానికి బావిలో దింపడం వేరు, కళ్లకు గంతలు కట్టి దింపడం వేరు.

రెండోది, ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఎర్రర్ కాపీ చేసి అడిగితే తెలుగులో కూడా చెబుతుంది అని. నేనూ అడుగుతా. బాగానే చెబుతుంది. కానీ ల్యాబ్ ఎగ్జామ్‌లో అది ఉండదు. పైగా అది సరిచేసిన కోడ్ మొత్తం ఇస్తుంది, మనం పేస్ట్ చేస్తాం, తప్పు ఎక్కడ జరిగిందో చూడనే చూడం. మా తక్‌పట్టీ భాష లాంటివి మనం కొత్తగా తయారుచేస్తే, దాని నియమాలు తయారుచేసినవాడికి తప్ప ఏ ఏఐకి తెలుసు? మనం రాసే ప్రతి ఫారం, ప్రతి యాప్ లోపల ఒక చిన్న పార్సర్ ఉంటుంది. పుట్టిన తేదీ బాక్సులో "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని వస్తే మీసేవ బయట నిలబడిన ముసలాయన ఎవరిని అడగాలి? రోజు ముందు రాయాలా, నెల ముందు రాయాలా అని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా.

మనం చేయగలిగింది

పెద్ద ఉపన్యాసం వద్దు. నాలుగు చిన్న పనులు చెబుతా.

జూనియర్లకు: ఎర్రర్లు ఎన్ని వచ్చినా మొదటిది మాత్రమే చదవండి. అది చూపించిన లైన్‌తో పాటు దాని పై లైన్లు కూడా చూడండి. అది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. పదిహేడు చూసి భయపడకండి, అందులో మీవి ఒకటో రెండో.

కంపైలర్ ల్యాబ్ చేస్తున్నవాళ్లకు: ఎర్రర్ ఫంక్షన్‌లో "సింటాక్స్ ఎర్రర్" అని వదిలేయకండి. ఎక్కడ, ఏం రావాలి, ఏం వచ్చింది అని మూడు సంగతులూ చెప్పించండి. అవతల కూర్చునేది మీ తమ్ముడో చెల్లెలో అనుకొని రాయండి.

మా సార్లకు, మేడమ్‌లకు ఒక విన్నపం: మినీ ప్రాజెక్టు వైవాలో సరైన ఇన్‌పుట్ ఒకటి ఇచ్చినట్టే, తప్పుడు ఇన్‌పుట్ కూడా ఒకటి ఇవ్వండి. ప్రోగ్రామ్ ఏం జవాబు చెబుతుందో చూసి దానికీ మార్కులు వేయండి. రెండు మార్కులు పెట్టినా చాలు, మరుసటి సెమిస్టర్‌కు మేమంతా మారిపోతాం.

మన సాహిత్య క్లబ్‌కు: సీ ల్యాబ్‌లో మాటిమాటికీ వచ్చే ఇరవై మెసేజ్‌లను తెలుగులో వివరించే ఒక పేజీ తయారుచేద్దాం. నిఘంటువు చూసి "ఆశించిన ప్రకటన నిర్దేశకములు" అని రాస్తే మళ్లీ హీబ్రూనే అవుతుంది. "ఈ లైన్ ఫంక్షన్ బయట పడింది, పైన } ఎక్కువైందేమో చూడు" అని మనం మాట్లాడుకునే తెలుగులో రాద్దాం. కథలు, కవితలు రాయగలిగినవాళ్లకు ఇది కష్టం కాదు. ల్యాబ్ గోడకు అంటిద్దాం.

పోయిన నెల మా తక్‌పట్టీ ప్రాజెక్టును నా రూమ్మేట్ చేతికి ఇచ్చి, వాడి ఇష్టం వచ్చినట్టు టైపు చేయమన్నా. వాళ్ల నాయన యార్డులో సరుకు దించిన రోజు లెక్క గుర్తు చేసుకుంటూ టైపు చేసినాడు. రెండో వరుసలో బరువు మరిచినాడు. మెసేజ్ వచ్చింది. నేను నోరు తెరవలేదు. వాడు ఒకసారి చదివి, "ఓ, బరువు రాయలే" అని, అంకె కొట్టి, ఎంటర్ నొక్కినాడు. లెక్క వచ్చింది. వెంటనే మూడో వరుస మొదలుపెట్టినాడు.

ఈసారి నా వైపు తిరిగి ఎన్ని తప్పులు చేసినానని అడగలేదు.